‘ధ్వజవత్’ - ఒక పదమును గూర్చిన విమర్శ

సుశ్రుతసంహిత సూత్రస్థానమునందలి ముప్పదినాలుగవ యధ్యాయమునకు యుక్తసేనీయ మని పేరు. దండయాత్ర వెడలిన రాజును వైద్యు డెట్లు కాపాడవలెనో యందు జెప్పబడినది. శత్రువులు దారులను, నీటిని, చెట్లనీడలను, పసులమేతను, వంటచెఱకును విషముతో జెఱుపుదురు గావున వైద్యుడు వానిని పరీక్షించి శుద్ధి చేయవలెనని మొదట విధించి, పిదప మహాస్కంధావారమున రాజగృహమునకు ప్రక్కనే సర్వోపకరణములతో వైద్యుడు నిలిచి యుండవలెనని గ్రంథకర్త చెప్పుచున్నాడు. అచ్చట నున్న వైద్యునియొద్దకు విషముచేతను, శల్యములచేతను, రోగములచేతను బీడింపబడినవారు ‘అమోహముగా’, అనగా దిక్కుతోచక తిరుగాడుట లేకుండ, వత్తురట. ఆ వైద్యుని కీర్తిని వర్ణించుచు బ్రయోగించిన మాటయే ‘ధ్వజవత్’.

ఈ యొక్కమాటపై బెద్దమేడ కట్టబడినది. వైద్యుని గుడారముమీద పతాక యెగురుచుండె ననియు, దానిని జూచి శత్రువులు బాణములు వేయక మానుచుండి రనియు, కావున 1864 వ సంవత్సరమున జెనీవాలో నేర్పడిన యెఱ్ఱసిలువ పతాక మనవారి యూహకు ప్రతిబింబమే యనియు సభలలో వినుచున్నాము, పత్రికలలో జదువుచున్నాము. చెప్పువారు సద్భావముతోనే చెప్పుచున్నారు. అయినను గ్రంథమున లేనిదానిని గలదనుట పరిశోధకులకు దగదు. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. వైద్యశాలలు తుపాకిగుండ్లకును, విమానములనుండి పడు బాంబులకును గుఱియగుచున్న యీ కాలమున, మన గ్రంథములు నిజముగా నేమి చెప్పినవో, యేమి చెప్పలేదో వేఱుపఱచి తెలిసికొనుట కేవలపండితవినోదము కాదు.

మొదట శబ్దమును జూతము. ‘వతి’ ప్రత్యయము తుల్యార్థమున వచ్చును. ధ్వజమువలె నున్నది ధ్వజము కాజాలదు. ఉపమానము ఉపమేయముకంటె భిన్నమై యుండవలెను గదా. ఆ శ్లోకమున నున్నతమై నిలిచినవి వైద్యుని యశస్సును, ఖ్యాతియును, వస్త్రఖండము గాదు. పతాక నిజముగానే గుడారముపై నుండిన యెడల గ్రంథకర్త సర్వోపకరణములతోబాటు దానిని గూడ విధించియుండును. ఎఱ్ఱనిదో, తెల్లనిదో, దానిపై జిహ్న మేదియో చెప్పియుండును. శస్త్రములకు నాకారమును, అంగుళముల కొలతను జెప్పినవాడు జెండావిషయమున మౌనము వహించునా?

అంతకంటె బలమైన హేతువు ప్రకరణము. ఏ యధ్యాయమున శత్రువు నీళ్లలో విషము కలుపునని హెచ్చరిక కలదో, యా యధ్యాయముననే శత్రువు జెండాను జూచి చేయి వెనుకకు దీయునన్న నమ్మకము పొసగదు. సుశ్రుతుని వైద్యునకు రక్ష రాజగృహసామీప్యము. ఆ ధ్వజోపమానము శత్రువు నుద్దేశించినదే కాదు, రోగి నుద్దేశించినది. బాణము తగిలి కనులు చీకట్లు క్రమ్మినవాడు కోలాహలమున దారి తప్పక వైద్యుని జేరుకొనుటకు దూరమునుండి గనబడు కీర్తి యది. జెనీవా పతాక యట్లు గాదు. అది ప్రధానముగా నెదిరిపక్షమువానితో మాటలాడును. ‘ఇచ్చట గొట్టవలదు’ అనును. ఒకటి పిలుచు జెండా, మఱియొకటి వారించు జెండా. రెండింటిని నేకము చేసినచో రెండింటికిని నన్యాయమే జరుగును.

ఇతర గ్రంథములును నిట్లే యున్నవి. కౌటిల్యుడు శస్త్రములు, యంత్రములు, ఔషధములు, తైలములు, కట్టుగుడ్డలు చేత బూనిన చికిత్సకులును, అన్నపానములను గాచు స్త్రీలును సేనకు వెనుక నిలువవలెనని చెప్పెను. ఉద్యోగపర్వమున యుధిష్ఠిరుని శిబిరమునందు జీతముపై నున్న వైద్యులు కనబడుదురు. భీష్ముడు శరతల్పగతు డైనప్పుడు శల్యములను దీయుటలో నేర్పరులైన వైద్యులను దుర్యోధనుడు రప్పింపగా, వారికి ధన మిచ్చి పంపివేయు మని యాతడు చెప్పెను. వైద్యులు యుద్ధభూమికి గ్రొత్తవారు కారు. అయినను భీష్మపర్వారంభమున నుభయపక్షములవారు చేసికొన్న యొడంబడికను జూడుడు. సారథులను, బండ్లు లాగు పశువులను, ఆయుధములు మోయువారిని, భేరీశంఖములు మ్రోయించువారిని గొట్టరాదని యందు గలదు. భేరి మ్రోయించువానికి జోటు దొరకిన జాబితాలో వైద్యునకు జోటు దొరకలేదు! మనుస్మృతి మిక్కిలి గాయపడినవానిని జంపరాదని చెప్పినది. గాయమునకు గట్టు గట్టువానిని గూర్చి యచ్చట నేమియు జెప్పలేదు. వైద్యుడు సేనకు వెనుక నుండుటచే బాణము లాతనిదాక రావని యూహింపబడెనో, వైద్యవృత్తిపై స్మృతికారులకు గల చిన్నచూపే కారణమో నిర్ణయించుట కష్టము. నా కీ రెండవదియే తోచుచున్నది.

ఇంతమాత్రమున మనవారికి దయ లేదనుట గాదు. శాంతిపర్వమునందలి రాజధర్మములలో నొక మాట కలదు. ఆయుధము విఱిగి, అల్లెత్రాడు తెగి, వాహనము చచ్చి గాయపడిన శత్రువునకు దన రాజ్యమున జికిత్స చేయింపవలెను, లేదా యాతనిని వాని యింటికి జేర్పవలెను. గాయములు మానిన పిదప విడిచిపెట్టవలెను. ఇదియే సనాతనధర్మము అని భీష్ముడు యుధిష్ఠిరునకు జెప్పెను. 1864 నాటి యొడంబడికలో నాఱవ యధికరణము, గాయపడిన యోధులు, వ్యాధిగ్రస్తులు నే జాతివారైనను జేరదీసి చికిత్స చేయవలెనని చెప్పుచున్నది. సామ్యము వెదకువారు వెదకవలసిన చోటిది. గాలికెగురు జెండాకొఱకు బరుగెత్తి, చేతిలో నున్న ధర్మమును జాఱవిడిచికొనుచున్నాము.

ఔషధమునకు బక్షపాతము లేదని మన కవులు చక్కగా నెఱుగుదురు. యుద్ధకాండమున హనుమంతు డోషధిపర్వతమును దెచ్చిన ఘట్టమునందు వారికొక చిక్కు వచ్చినది. ఆ మూలికల వాసనకే చచ్చిన వానరులు లేచి కూర్చుండినచో, అదే నేలపై బడియున్న రాక్షసు లేల లేవలేదు? దాక్షిణాత్యపాఠమున దీనికి సమాధానము కలదు. యుద్ధారంభమునుండియు రావణు నాజ్ఞచే, లెక్క తెలిసినచో మానభంగ మగునని, చచ్చిన రాక్షసులను సముద్రమున బాఱవేయుచుండి రట. ఈ శ్లోకములు ప్రక్షిప్తము లైనను గాకున్నను, వానిని వ్రాసినవాడు సూక్ష్మబుద్ధి యని యొప్పుకొనవలెను. గాలి వీచినంతమేర నెల్లవారిని బ్రతికించుట యోషధిస్వభావము. కొందఱు బ్రతుకకపోవుటకు గారణము మందులో గాక, తన మృతులను దాచిపెట్టిన ప్రభువులో నున్నదని యాతడు చూపెను. రంగనాథరామాయణాదులయందు మందునకై పోవు హనుమంతుని దారిలో నాపుటకు రావణుడు కాలనేమిని బంపిన కథ కలదు. వాల్మీకమున లేని యీ కథను జదువునప్పుడెల్ల నౌషధమార్గము నడ్డగించుట రాక్షసకృత్య మని మన జనుల తలంపున నెంత దృఢముగా నాటియుండెనో గదా యనిపించును.

ఇక జెనీవా సంగతి. 1859 జూను 24 వ తేదీన నుత్తర ఇటలీలో సోల్ఫెరీనోయొద్ద ఆస్ట్రియావారికిని, ఫ్రెంచి సార్డీనియా సేనలకును ఘోరయుద్ధము జరిగెను. అల్జీరియాలోని తన వ్యాపారవిషయమున మూడవ నెపోలియనును గలిసికొనుటకై వచ్చిన హెన్రీ డ్యూనా యను జెనీవా వర్తకుడు సమీపమునందలి కాస్టిల్యోనె గ్రామమున వేలకొలది క్షతగాత్రులు నీళ్లు లేక, కట్టు లేక పడియుండుట జూచెను. ఆతడు 1862 లో బ్రకటించిన ‘సోల్ఫెరీనో స్మృతి’ యను చిన్నపుస్తకమునుండియే యెఱ్ఱసిలువ సంఘము పుట్టినది. కావ్యదృష్టిచే జూచినచో నా పుస్తకము రెండు భాగములు సరిగా నతుకని రచన. పూర్వార్ధమున సైనికుల పరాక్రమవర్ణన కాలోచితమైన యాడంబరముతో నిండియున్నది. దానిని మఱచినను లోపము లేదు. గ్రంథకర్త దేవాలయములోనికి బ్రవేశించిన పిదప శైలి మాఱిపోవును. నీళ్లకుండలు, నారచీరలు, పురుగులు పట్టిన గాయములు, ఆ యూరి స్త్రీలు జాతిభేదము లేక యందఱికి నొకే విధముగా జేసిన సేవ, వీనిని వర్ణించునప్పు డాతడు వర్తకుని లెక్కచొప్పుననే వ్రాసెను. ఆ లెక్కయే దాని బలము.

1864 ఆగస్టు 22 వ తేదీన సంతకములైన యొడంబడికకు బది యధికరణములు. మొదటిదానిలోనే రక్షయు, దాని కపవాదమును గూడ నున్నవి. క్షతగాత్రు లున్నంతకాలము వైద్యశాల తటస్థస్థానము. సైనికబలము దాని నాక్రమించియున్నచో నా తాటస్థ్యము పోవును. 1949 నాటి నాలుగవ జెనీవా యొడంబడిక పదునెనిమిదవ యధికరణమున బౌరవైద్యశాలల నెట్టిస్థితియందును దాడికి గుఱి చేయరాదని చెప్పి, పందొమ్మిదవదానిలో నపవాదమును స్పష్టముగా నిర్వచించినది. వైద్యధర్మమునకు వెలియై శత్రువునకు హాని చేయు పనులకు వైద్యశాల నుపయోగించినప్పుడే రక్ష తొలగును. అప్పుడును ముందు హెచ్చరిక చేయవలెను, తగిన గడువీయవలెను. గాయపడిన సైనికులు చికిత్స పొందుచుండుట గాని, వారినుండి తీసిన చిన్నయాయుధము లింకను నప్పగింపబడక యుండుట గాని హానికృత్యము కాదు.

మీమాంసకు లుత్సర్గమున కపవాదము సంకోచకమే గాని నాశకము గాదందురు. వైద్యశాలలను గొట్టినవారి సమర్థనములను జదివినప్పు డా క్రమము తలక్రిందు లగుట కనబడును. అపవాదమే యుత్సర్గమై కూర్చుండును. 1935 డిసెంబరు 30 వ తేదీన ఇథియోపియాలో మెల్కాదిదాయొద్ద స్వీడనువారి యెఱ్ఱసిలువ వైద్యశిబిరముపై ఇటలీ విమానములు బాంబులు వేసినవి. తమ వైమానికు నొకని జంపినందులకు బ్రతీకార మని యొకమాటు, ఎఱ్ఱసిలువచిహ్నమును శత్రువులు దుర్వినియోగము చేయుచున్నారని మఱియొకమాటు చెప్పిరి. 2023 నవంబరులో గాజానగరమందలి అల్‌షిఫా వైద్యశాలలో ఇజ్రాయేలు సైన్యము ప్రవేశించినప్పుడు, దానిక్రింద హమాసువారి సైనికస్థావర మున్నదని సైన్యమువారనిరి. హమాసువారును, వైద్యశాలవారును గాదనిరి. ఆ వివాదమును దీర్చుట యీ వ్యాసమునకు బని గాదు. ఆరోపణము నిజమైనను వాక్యములో సగమే తీఱినది. హెచ్చరిక, గడువు, పడకలపై గదలలేకయున్న రోగుల గతి యను తక్కిన సగ మట్లే యుండును. సగము వాక్యమును జదివి యర్థము చెప్పు వ్యాఖ్యాతను మన మంగీకరింపము గదా.

పాఠభేదముల పరిశీలన మలవడినవారికి గుందూజు వృత్తాంతము మిక్కిలి బోధకము. ఆఫ్ఘనిస్తానములోని యా నగరమును 2015 సెప్టెంబరు 28 వ తేదీన తాలిబానులు పట్టుకొనిరి. 1971 లో ఫ్రాన్సునందు బుట్టి, సరిహద్దులు లేని వైద్యులు అను నర్థము గల పేర బరగు వైద్యసంఘమువారు 2011 నుండి యచ్చట నొక శస్త్రచికిత్సాలయమును నడపుచుండిరి. యుద్ధము ముదిరినందున వారు సెప్టెంబరు 29 వ తేదీన దమ వైద్యశాల యక్షాంశరేఖాంశములను మరల నుభయపక్షములకు దెలిపిరి. అక్టోబరు 3 వ తేదీ రాత్రి యచ్చట 105 గురు రోగు లుండిరి. వారిలో సుమారిరువదిమంది తాలిబాను క్షతగాత్రులు, ముగ్గురో నలుగురో ప్రభుత్వసైనికులు, తక్కినవారు పౌరులు. శాంతిపర్వమున జెప్పిన ధర్మ మొక కప్పుక్రింద నాచరణలో నుండెనన్నమాట. నగరమెల్ల జీకటిగా నుండగా విద్యుద్దీపములతో వెలుగుచుండిన కొలదికట్టడములలో నదియొకటి. తెల్లవాఱుజామున రెండు గంటలు దాటిన పిమ్మట అమెరికా యుద్ధవిమాన మొకటి దానిచుట్టును దిరుగుచు 211 గుండ్లు ప్రేల్చినది. 42 గురు చనిపోయిరి: రోగులు 24 గురు, సంఘోద్యోగులు 14 గురు, రోగులకు దోడు వచ్చినవారు నలుగురు. ప్రాణరక్షణవిభాగమున కదలలేని రోగులు మంచములపైననే కాలిపోయిరి.

సైన్యమువారి మొదటిపాఠము: దాడి మఱియొక లక్ష్యముపై జరిగినది, ప్రక్కనున్న వైద్యశాలకు నష్టము కలిగియుండవచ్చును. రెండవపాఠము: ఆఫ్ఘను సైనికులు కోరినందున దాడి చేయబడినది. మూడవపాఠము, అక్టోబరు 6 వ తేదీన సేనాధిపతి శాసనసభాసంఘము నెదుట జెప్పినది: నిర్ణయము అమెరికావారిదే, వైద్యశాల పొరపాటున గొట్టబడినది. నాలుగు దినములలో మూడు పాఠములు! దాడి యెంతసేపు జరిగెనను విషయమునను బాఠభేదమే: వైద్యసంఘమువారి లెక్కను సుమారొక గంట, సైన్యమువారి లెక్కను సుమారర్ధగంట. రెండు గంటల పందొమ్మిది నిమిషములకు వైద్యసంఘమువారు సైనికకార్యస్థానమునకు టెలిఫోను చేసిరి. చాలసేపటికి వచ్చిన ప్రత్యుత్తరములలో నొకదాని సారము: చేయగలిగినది చేసెదను, మీకొఱకు బ్రార్థించుచున్నాను. కొట్టుచున్నవారి పక్షముననే యుండి, కొట్టబడుచున్నవారి కొఱకు దేవుని బ్రార్థించుట యను నీ సన్నివేశమును నే నాటకకర్త కల్పించినను నమ్మదగినది కాదని విమర్శకులు త్రోసివేసియుందురు.

2016 ఏప్రిలు 29 వ తేదీన వెలువడిన సైనికవిచారణనివేదికయందు గారణములు చెప్పబడినవి. ఉద్దేశింపబడిన లక్ష్యము సుమారు నాలుగువందల మీటర్ల దూరమున నున్న గూఢచారశాఖాభవనము. విమానము తన స్థానము మార్చుకొనుటచే నిచ్చిన యంకెలు బయలునేలను జూపినవి. సిబ్బంది భూమిపైనుండి విన్న వర్ణనకు సరిపోవు పెద్దకట్టడమును గన్నులతో వెదకి వైద్యశాలను లక్ష్యముగా నిర్ణయించిరి. తరువాత యంత్రము సరియైన స్థానమునే చూపినను, వారు వర్ణనకే కట్టుబడిరి. గుండ్లు ప్రేల్చుటకు గొంచెముముందు వైద్యశాల స్థానపుటంకెలు ప్రధానస్థానమునకు బంపబడినవి, కొట్టరాని స్థలముల పట్టిక యచ్చట నున్నది, ఎవరును సరిచూడలేదు. శుద్ధప్రతి చేతనుండగా వినికిడిని నమ్మి వ్రాసిన లేఖకుని దోషమువంటి దిది. లేఖకుని దోషమువలన శ్లోకము చెడును. ఇచ్చట మనుష్యులు పోయిరి. పదునాఱుగురకు శాఖాపరమైన శిక్షలు విధింపబడినవి. నేరారోపణ యెవరిపైనను లేదు. బుద్ధిపూర్వకము గాదు గావున యుద్ధాపరాధము గాదని తీర్పు.

బుద్ధిపూర్వకము గాని హింసను గూర్చి మనవారికి జెప్పవలసినది లేకపోలేదు. మనువు తెలియక చేసిన దానికిని, తెలిసి చేసినదానికిని శుద్ధిమార్గములను వేఱుగా జెప్పెను గాని, తెలియక చేసినది పాపమే కాదనలేదు. దీనికంటెను సమీపమైన దృష్టాంత మయోధ్యాకాండమున గలదు. వర్షాకాలపు రాత్రి సరయూతీరమున, నీళ్లకు వచ్చు మృగమును గొట్టవలెనని పొంచియున్న యువకుడగు దశరథుడు, కుండ మునుగు చప్పుడు విని యేనుగని తలచి బాణము వేసెను. చీకటి, దూరము, గుఱుతు పట్టుటలో బ్రమాదము, నేర్పునందు గర్వము, కుందూజునం దున్నవన్నియు నచ్చట నున్నవి. వాల్మీకి యా మునిబాలునకు బేరుకూడ బెట్టలేదు. బాణము దీయగానే యాతడు మరణించెను. పిమ్మట దశరథుడు చేసిన పని యేది? ఆ నీళ్లకుండను దానే యెత్తుకొని గ్రుడ్డివారగు తల్లిదండ్రులకడకు బోయి, తా నెవరో చెప్పి, చేసినది చెప్పి, వారి మాటకొఱకు నిలిచియుండెను. నీయంత నీవు వచ్చి చెప్పకున్నచో నీ తల వ్రక్కలయ్యెడిదని యా ముని చెప్పెను; తెలియక చేసితివి గావున బ్రతికితివనెను; అయినను శాపము మానలేదు.

అమెరికా దేశాధ్యక్షుడు 2015 అక్టోబరు 7 వ తేదీన వైద్యసంఘాధ్యక్షురాలికి టెలిఫోనులో క్షమాపణ చెప్పుకొనెను. మృతుల కుటుంబములకు నాఱువేల డాలర్లు, గాయపడినవారికి మూడువేల డాలర్లు నిచ్చిరి. ఒప్పుకొనుట జరిగినది; దానిని దాచుట ధర్మము గాదు. భేద మెచ్చట నున్నదనగా, దశరథుడు తన మంత్రులతో విచారణసంఘమును వేయించుకొనలేదు. తీర్పు కొడుకును బోగొట్టుకొన్నవాని నోటినుండి వచ్చినది. వైద్యసంఘమువారు స్వతంత్రమైన యంతర్జాతీయవిచారణను గోరిరి. దానికి సంబంధించిన ప్రభుత్వముల సమ్మతి కావలెను. ఆ విచారణ జరుగలేదు.

మన భాషను గూర్చి యొక చిన్నమాట. ఇట్టి వార్తలను వ్రాయునప్పుడు ‘వైద్యశాలపై దాడి జరిగెను’ అని వ్రాయుట యలవాటై పోయినది. ‘జరుగు’ ధాతువు చాల సౌకర్యమైనది. వివాహము జరుగును, జాతర జరుగును, నలుబదిరెండుగురి మరణమును జరుగును. కర్త యెచ్చటను గానరాడు. నేను సయితము నీ వ్యాసమున నా క్రియను వాడకుండ నుండలేకపోయితిని. కర్త నిశ్చయముగా దెలిసినచోట మాత్రము కర్తనే వ్రాయుట మేలు.

నివేదిక వెలువడిన నాలుగుదినములకు, 2016 మే 3 వ తేదీన, ఐక్యరాజ్యసమితి భద్రతామండలి వైద్యశాలలపై దాడులను ఖండించుచు 2286 వ తీర్మానము నేకగ్రీవముగా నామోదించినది. దానికి నాఱుదినములు ముందే సిరియాలో అలెప్పోనగరమందలి అల్‌కుద్సు వైద్యశాల బాంబులచే గూలినది. సిరియాలో గ్రమక్రమముగా నొక విపరీతము సంభవించినది. రక్షణకై వైద్యశాలల స్థానపుటంకెలను ఐక్యరాజ్యసమితి ద్వారా యుద్ధపక్షములకు దెలుపుపద్ధతి యేర్పడగా, అట్లు తెలిపిన వైద్యశాలలును గొట్టబడినవి. సమితివారు వేసిన విచారణమండలి నివేదికాసారము 2020 ఏప్రిలులో వెలువడినది. 2020 జూనులో రష్యా యా పద్ధతినుండి తొలగినది. పెక్కుచోట్ల వైద్యులు కప్పులమీది చిహ్నములను దీసివేసి, నేలమాళిగలలోనికిని, కొండగుహలలోనికిని దిగి శస్త్రచికిత్సలు చేసిరి. తూర్పు ఘౌతాలోని యట్టి భూగర్భవైద్యశాలను జూపు చలనచిత్రమునకు ‘గుహ’ యనియే పేరు. అది 2019 లో వచ్చినది.

సుశ్రుతుని శ్లోకమున ‘ధ్వజవత్’ అను మాటకు బ్రక్కనే ‘అమోహేన’ యను మాట యున్నది. వ్యాఖ్యానించువా రెల్లరు మొదటిదానియందే నిలిచిపోయిరి. రోగి యమోహముగా వచ్చుట యనగా, అచ్చటికి బోయినచో బ్రతుకుదునా చత్తునా యను సందేహము లేకుండ వచ్చుట. ఘౌతాలో గాయపడినవారు వైద్యశాల యెచ్చట నున్నదో తెలియక కాదు, తెలిసియే వెళ్లుటకు జంకిరి.